కూడికలు ఉన్నాయి, స్నేహాలు ఏవీ?

సంపాదకులకు నమస్కారం.

విద్యార్థుల ఒంటరితనం గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నాం. 2023 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనుషుల మధ్య సంబంధాలు పలచబడటం మీద ఒక ప్రత్యేక కమిషన్‌నే వేసింది. మేం రాస్తున్నది క్రైస్తవ విద్యార్థుల గురించి. వారం వారం కూడికకు వస్తారు, పాటలు పాడతారు, అందరికీ వందనాలు చెబుతారు. చదువు అయిపోయి వెళ్లిపోయే రోజుకి మాత్రం మనసు విప్పి మాట్లాడుకోగల స్నేహితుడు ఒక్కడూ ఉండడు. కళాశాలల్లో కలిసి ప్రార్థించుకుని బైబిలు చదువుకునే మన విద్యార్థి సహవాసాల్లో ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. కొత్త విద్యా సంవత్సరానికి సిద్ధమవుతున్న విద్యార్థి నాయకులకు, వాళ్ల వెనక నిలబడే పెద్దలకు ఉపయోగపడుతుందని ఈ లేఖ రాస్తున్నాం.

ముందు ఒక లెక్క చూడండి. కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ కొత్త ఊరికి మారినవాళ్లనూ మొదటి ఏడాది విద్యార్థులనూ పరిశీలించి 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడని చెప్పుకోవడానికి సుమారు 90 గంటలు, దగ్గరి స్నేహితుడు కావడానికి 200 గంటల పైన కలిసి గడపాల్సి వస్తుందని తేల్చారు. ఇప్పుడు మన కూడిక సంగతి. వారానికి గంటన్నర చొప్పున 16 వారాల సెమిస్టర్‌కు 24 గంటలు. అందులో పాటలకు అరగంట, బైబిలు వాక్యానికి నలభై నిమిషాలు, ప్రకటనలకు పది నిమిషాలు పోతే ఒకరితో ఒకరు మాట్లాడుకునేది పది నిమిషాలు. సెమిస్టర్ మొత్తం మీద రెండు గంటల నలభై నిమిషాలు! కూడిక ఎంత చక్కగా జరిపినా, ప్రసంగీకుడు ఎంత గొప్పవాడైనా ఈ లెక్క మారదు. మిగతా గంటలు కూడిక బయటే దొరకాలి.

అవి దొరికే చోట్లు చాలా మామూలువి. కలిసి భోంచేయడం, ఒకే బల్ల దగ్గర ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవడం, క్లాసుకు కలిసి నడవడం, బట్టలు ఉతుక్కునేటప్పుడు పక్కన కూర్చోవడం. వీటికి ప్రత్యేకంగా ప్రార్థనతో మొదలుపెట్టి ప్రార్థనతో ముగించే కార్యక్రమం అక్కర్లేదు. ఎలాగూ చేసే పనులే కాబట్టి ఎవరి చదువూ పాడవదు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో తొలి విశ్వాసులు దేవాలయంలో కూడుకున్నారని ఉన్న వచనంలోనే ఇంటింట రొట్టె విరిచి కలిసి భోజనం చేశారని కూడా ఉంది. మనం మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాం.

రెండో లెక్క మనుషులది. ఆరుగురు ఉన్నచోట ఇద్దరిద్దరి మధ్య సంబంధాలు 15. పన్నెండు మంది ఉంటే 66. ముప్పై మంది ఉంటే 435. ముప్పై మంది గుండ్రంగా కూర్చుని 'ఒకరినొకరు తెలుసుకుందాం' అనుకుంటే జరిగే పని కాదు. కూడికకు ఎంతమంది వచ్చినా సరే, లోపల ఆరు నుంచి ఎనిమిది మంది బృందాలు ఉండాలి, ఆ బృందంలో ముగ్గురేసి జట్లు ఉండాలి. అబ్బాయిల జట్టు అబ్బాయిలకు, అమ్మాయిల జట్టు అమ్మాయిలకు. ఇద్దరు వద్దు, ముగ్గురే ఎందుకంటే, ఇద్దరిలో ఒకరికి జ్వరం వచ్చినా, ఊరెళ్లినా, మనసు బాగోకపోయినా ఆ వారం ఆగిపోతుంది. రెండు వారాలు ఆగితే మూడో వారం ఎవరూ పిలవరు. ముగ్గురైతే ఒకరు రాకపోయినా మిగతా ఇద్దరూ కలుస్తారు, రాని మూడోవాడి గదికి వెళ్లి తలుపు కొడతారు. ప్రభువు పన్నెండుమందిని ఏర్పరచుకున్నాడు, గెత్సేమనేలో తన వేదన దగ్గర నుంచి చూడటానికి ముగ్గురినే వెంట తీసుకెళ్లాడు.

కొత్తవాళ్ల విషయంలో మొదటి మూడు వారాలు చాలా ముఖ్యం. ఆ తర్వాత ఎవరు ఎవరితో తింటారో, ఎవరి పక్కన కూర్చుంటారో కుదిరిపోతుంది. చాలా సహవాసాలు ఈ మూడు వారాలనూ స్వాగత సభ ఏర్పాట్లకు ఖర్చుపెడతాయి. సభకు వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకుని వాట్సాప్ గ్రూపులో చేర్చి పని అయిపోయిందనుకుంటాయి. అక్కడే జారిపోతున్నారు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ పాతవాళ్లలో ఒకరికి అప్పజెప్పాలి, ఒకరికి ఇద్దరికి మించి ఇవ్వకూడదు. ఆ పాత విద్యార్థి రెండు రోజుల్లోపు నేరుగా వెళ్లి కలవాలి. 'వచ్చే శుక్రవారం కూడికకు తప్పకుండా రా తమ్ముడూ' అన్న పిలుపుకి ఎక్కువమంది తలూపి ఊరుకుంటారు. 'రేపు నాలుగింటికి లైబ్రరీకి వెళ్తున్నా, నీ పుస్తకాలు పట్టుకుని వచ్చెయ్' అంటే వస్తారు. ఇందులో చోటు ఉంది, సమయం ఉంది, వచ్చాక ఏం చేయాలో తెలుసు, కొత్తవాడు ఎవరి ముందూ నిలబడి తనను పరిచయం చేసుకోనక్కర్లేదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1729లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్, చార్లెస్ వెస్లీ సోదరుల చుట్టూ ఒక చిన్న విద్యార్థి బృందం ఏర్పడింది. తోటి విద్యార్థులు పరిశుద్ధుల క్లబ్బని ఎగతాళి చేసేవారు. అదే విశ్వవిద్యాలయంలో ధనిక విద్యార్థులకు ఊడిగం చేస్తూ చదువుకునే జార్జ్ విట్‌ఫీల్డ్ అనే పేద కుర్రవాడు వీళ్లను దూరం నుంచి చూస్తూ దగ్గరకు రావడానికి జంకాడు. చార్లెస్ వెస్లీ అతణ్ని ఉదయం ఫలహారానికి పిలిచాడు. అంతే, ఆ పిలుపుతోనే అతను లోపలికి వచ్చాడు. డబ్బు లేనివాళ్లు బయట ఉండిపోవడం ఇప్పటికీ జరుగుతోంది. విహారయాత్ర, హోటల్ భోజనం, అందరికీ ఒకేలాంటి టీషర్టులు అంటూ ప్రతిదానికీ చందా పెడితే ఇవ్వలేనివాడు కారణం చెప్పడు. 'అసైన్‌మెంట్ ఉంది' అంటాడు, నెమ్మదిగా కనబడటం మానేస్తాడు. సహవాసంలో చేసే పనుల్లో పదింట తొమ్మిది పైసా ఖర్చు లేనివై ఉండాలి.

ఇక బృందం కూర్చునే ఆ గంటన్నర. కుర్చీలు గుండ్రంగా వేయండి, నాయకుడికి వేరే బల్ల వద్దు. వాక్యభాగం 10 నుంచి 15 వచనాలు దాటకూడదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. వారానికి పదమూడు చొప్పున ఎనిమిది వారాల్లో హాయిగా పూర్తవుతుంది, పైగా అది స్నేహితులకు రాసిన ఉత్తరం. ఇక్కడ ఏముంది, దాని అర్థమేమిటి, ఈ వారం మనం ఏం చేయాలి అనే మూడు ప్రశ్నలు చాలు. ప్రశ్న అడిగాక నాయకుడు మనసులో పది అంకెలు లెక్కపెట్టే దాకా నోరు తెరవకూడదు. మూడో అంకెకే భయపడి తనే జవాబు చెప్పేస్తే రెండో వారానికల్లా మిగతావాళ్లు జవాబు ఆలోచించడం మానేస్తారు. గంటలో ఇరవై నిమిషాలకు మించి నాయకుడి గొంతే వినిపిస్తే అది ప్రసంగమైపోయినట్టే. ఎక్కువ మాట్లాడేవాణ్ని తన పక్కనే కూర్చోబెట్టుకోవాలి. ఎదురుగా ఉంటే ప్రతిసారీ కళ్లు కలుస్తాయి, అతను దాన్నే అనుమతి అనుకుంటాడు. మాట్లాడని అమ్మాయికి వచనం చదివే పని ముందే చెప్పి ఉంచాలి. ఒకసారి గొంతు వినిపించినవాళ్లకు రెండోసారి మాట్లాడటం తేలిక. చివరి ఇరవై నిమిషాలు ముగ్గురేసి విడిపోయి ప్రార్థించుకోవడానికి గట్టిగా కేటాయించండి. వాక్యం సాగిపోయిందని ముందుగా కోత పడేది దీనికే. చెప్పిన సమయానికి ముగించండి. హడావిడి లేనివాళ్లు ఆ తర్వాత ఎలాగూ మిగిలిపోతారు. మనసులో మాటలు ఎక్కువగా అప్పుడే బయటికొస్తాయి, కాబట్టి ఆ గదిని ఇంకో అరగంట తెరిచి ఉంచేలా ముందే మాట్లాడుకోండి.

ప్రార్థన మనవుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సహవాసం నిలబడేదీ కూలేదీ ఇక్కడే. 'నా చదువు కోసం, నా కుటుంబం కోసం ప్రార్థించండి' అనే మనవి వెనక మనిషి దాక్కుంటాడు. అబద్ధం ఏమీ లేదు, నిజం కూడా ఏమీ తెలియదు. 'సోమవారం వైవా ఉంది, రెండు రాత్రుల నుంచి నిద్ర పట్టడం లేదు, ఫెయిలైతే నాన్నకు ఎలా చెప్పాలో తెలియడం లేదు' అంటే ఆ ప్రార్థనకు ఒక తేదీ ఉంది, మంగళవారం అడగడానికి ఒక ప్రశ్న ఉంది. అందుకని ఒక్కొక్కరు ఒకే మనవి చెప్పాలి, అది తన గురించే అయ్యుండాలి, రెండు వాక్యాల్లో ముగించాలి. జట్టులో ఒకరు చిన్న పుస్తకంలో తేదీతో రాయాలి. మరుసటి వారం వాక్యం తెరవడానికి ముందే ఆ పేజీ తీసి ఏమైందని అడగాలి. ఈ ఒక్క అలవాటు వల్ల వచ్చే నమ్మకం ఇంక దేనివల్లా రాదని మా గట్టి అభిప్రాయం. పోయిన వారం చెప్పింది ఎవరికీ గుర్తులేదని తెలిసిన విద్యార్థి మళ్లీ నిజం చెప్పడు.

మనవి తన గురించే ఉండాలని ఎందుకంటున్నామంటే, చాడీలు మన మధ్యకు ప్రార్థన వేషంలోనే వస్తాయి. 'ఫలానా అక్క కోసం ప్రార్థించండి, ఎవరితోనో తిరుగుతోందట' అన్న మాట ప్రార్థన కాదు, ఆ మాట అన్నవాళ్లకు కూడా లోపల తెలుసు. ఎదుటివాళ్లు అనుమతిస్తే తప్ప వాళ్ల సంగతి ఎత్తకూడదనే నియమం మొదటి వారమే పెట్టుకోవాలి. అంతరంగ విషయాలు వాట్సాప్‌లో రాయకూడదు. స్క్రీన్‌షాట్‌కు ఒక్క క్షణం చాలు. గ్రూపును సమయం, చోటు చెప్పుకోవడానికి వాడుకుంటే సరిపోతుంది.

గుట్టు కాపాడాలన్న మాటకు ఒక హద్దు ఉంది, దాన్ని కూడా మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అన్నా, ఎవరో హింసిస్తున్నారని తెలిసినా, ప్రాణానికి ముప్పుందనిపించినా ఆ మాట జట్టులో దాచకూడదు. అతణ్ని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పి డాక్టరు దగ్గరకు తోడు వెళ్లాలి. ఉపవాస ప్రార్థనతో తగ్గిపోతుందని ఇరవై ఏళ్ల పిల్లలు తమలో తామే మోయాలని చూడటం ప్రమాదం. విశ్వాసం తక్కువై దిగులు వచ్చిందని అనడం అంతకంటే క్రూరం. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరకూ తీసుకెళ్లండి.

పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోవాలని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. దీన్ని తొందరపడి చేయబోయి చెడగొట్టేవాళ్లు, భయపడి అసలే చేయనివాళ్లు సమానంగా కనిపిస్తారు. రెండో వారమే అన్నీ చెప్పేయమంటే చెప్పినవాడు మూడో వారం సిగ్గుతో రాడు. మొదటి నెల ఎవరి జీవితం ఎలా సాగిందో చెప్పుకోండి, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు ఇవ్వండి. రెండో నెలలో భయాలు, చదువు ఒత్తిడి, ఇంటి సంగతులు వస్తాయి. ఆ తర్వాతే పాపంతో పోరాటాలు. పెద్దవాడు ముందు మాట్లాడాలి, తను ఎంత లోతుకు వెళ్తే మిగతావాళ్లూ అంతే వెళ్తారు. ఇంకో చిక్కుంది. ప్రతి వారం అదే పాపం అదే మాటల్లో చెప్పడం, మిగతా ఇద్దరూ 'ప్రార్థిస్తాం' అనడం అలవాటైపోతుంది. అప్పుడు పడిపోయిన సంగతి పక్కనబెట్టి దానికి ముందు గంటలో ఏం జరిగిందో అడగాలి. ఎన్నింటికి, ఎక్కడ, చేతిలో ఏముంది, ఎవరి మీద కోపంగా ఉన్నావు. రాత్రి పన్నెండు, ఒంటరి గది, ఫోన్ అనే జవాబు వస్తే ఆ వారానికి ఒకే మార్పు చేయండి. పదిన్నరకు ఫోన్ పక్క గదిలో స్నేహితుడి దగ్గర పెట్టేయాలి. రెండు మూడు మార్పులు ఒకేసారి పెడితే ఏదీ నిలవదు.

కలిసి పనిచేయడం వల్ల వచ్చే స్నేహం మాటల వల్ల వచ్చే స్నేహం కంటే ఒక్కోసారి గట్టిది. మాట్లాడటం చేతకానివాళ్లకైతే ఇదే దారి. ఆక్స్‌ఫర్డ్ బృందం సాయంత్రాలు గ్రీకు కొత్త నిబంధన చదవడంతో ఆగలేదు, 1730 నుంచి జైలుకు వెళ్లి ఖైదీలను చూసేది. నెలకోసారి బృందమంతా ఎవరికైనా సేవ చేసే పని ఒకటి పెట్టుకోవాలి. ఫొటోలు వద్దు.

గొడవలు వస్తాయి. దగ్గరైనకొద్దీ వస్తాయి, కాబట్టి వచ్చాయని కంగారుపడనక్కర్లేదు. ముందు ఆ మనిషితో ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని తీసుకెళ్లి, చివరికి సంఘంతో అని మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరుస తెలిసినా మనం తలకిందులుగా నడుస్తాం, ముందు పదిమందికి చెప్పి చివర్లో ఆ మనిషి దగ్గరకు వెళ్తాం. ఒకటి రెండు రోజుల్లో, మెసేజ్ పెట్టకుండా, ఎదురుగా కూర్చుని ఒకే సంఘటన గురించి మాట్లాడాలి. 'నువ్వెప్పుడూ ఇంతే' అన్న మాటతో సంభాషణ ముగిసిపోతుంది. 'మంగళవారం అందరి ముందూ నా మార్కుల గురించి అన్నావు, నాకు బాధేసింది' అంటే అవతలివాడికి జవాబు చెప్పే వీలుంటుంది.

సిద్ధాంత భేదాలు ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. బాప్తిస్మం ఎప్పుడు, ఎలా ఇవ్వాలి, ఆత్మ ప్రేరణతో తెలియని భాషలు మాట్లాడటం, రక్షణ పొందేవాళ్లను దేవుడు ముందే ఎన్నుకున్నాడనే ఏర్పాటు సిద్ధాంతం వంటివాటి మీద వేర్వేరు సంఘాల పిల్లలకు వేర్వేరు నమ్మకాలు ఉంటాయి. అపొస్తలుల విశ్వాస ప్రమాణం అందరికీ ఉమ్మడి పునాదిగా పెట్టుకుని, మిగతావాటిని చర్చించుకోవచ్చు కానీ ఎవరినీ తమ సంఘానికి లాక్కోకూడదని ముందే ఒప్పుకోవాలి. ఆక్స్‌ఫర్డ్‌లో కలిసిన జాన్ వెస్లీ, విట్‌ఫీల్డ్ తర్వాత ఏర్పాటు సిద్ధాంతం మీద బహిరంగంగా విభేదించారు, కొంతకాలం దూరమయ్యారు, మళ్లీ కలిశారు. ఎవరి అభిప్రాయమూ మారలేదు. 1770లో విట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు లండన్‌లో ఆయన సంస్మరణ ప్రసంగం చేసింది జాన్ వెస్లీయే, అది విట్‌ఫీల్డ్ కోరికే.

పరీక్షలప్పుడు కూడికలు ఆపేయడం పెద్ద పొరపాటు. మనిషికి తోడు ఎక్కువ అవసరమైన మూడు వారాల్లో తలుపులు మూసేస్తున్నాం. వాక్యం, పాటలు తగ్గించి అరగంట చేయండి, జట్టు మాత్రం కలవాలి. నాయకత్వం ఇద్దరి చేతుల్లో ఉంచండి, చివరి ఏడాది విద్యార్థి ఒక సెమిస్టర్ ముందే పగ్గాలు అప్పగించి పక్కన కూర్చోవాలి. బృందంలో ఇద్దరి మధ్య ప్రేమ మొదలైతే దాచకుండా పెద్దవాళ్లకు చెప్పి, ఎవరి జట్టులో వాళ్లు కొనసాగాలి. లేకపోతే అది విడిపోయిన రోజు ఇద్దరూ సహవాసాన్ని కూడా వదిలేస్తారు. ఏడాది గడిచేసరికి పాత బృందం సొంత మాటలు, సొంత నవ్వులతో బిగుసుకుపోతుంది, కొత్తవాళ్లకు సందు ఉండదు. దాన్ని రెండుగా చీల్చమని మేం అనం. ఇద్దరిని బయటికి పంపి వాళ్ల చుట్టూ కొత్త బృందం కట్టండి, ముగ్గురి జట్టును మాత్రం కదపవద్దు.

చదువు ముగిశాక నిలబడే స్నేహానికి ఏర్పాటు చివరి రెండు నెలల్లోనే జరగాలి. వీడ్కోలు సభలో నలభై మందితో గ్రూపు పెడతారు, అది ఆరు నెలల్లో పుట్టినరోజు శుభాకాంక్షల గ్రూపు అవుతుంది. ముగ్గురి జట్టు మాత్రం నెలకొక రోజు ఖాయం చేసుకోవాలి. ఉదాహరణకు ప్రతి నెలా మొదటి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి నలభై నిమిషాల ఫోన్. 'వీలున్నప్పుడు మాట్లాడుకుందాం' అనుకుంటే ఎప్పుడూ వీలుండదు. ఏడాదికోసారి ఎవరో ఒకరి ఊళ్లో రెండు రోజులు కలవాలి. దావీదు అరణ్యంలో దాక్కున్నప్పుడు అతని స్నేహితుడు యోనాతాను కబురు పంపి ఊరుకోలేదు, వెతుక్కుంటూ వెళ్లి దేవునిలో అతణ్ని బలపరిచాడని 1 సమూయేలు 23లో ఉంది. 1806లో అమెరికాలోని విలియమ్స్ కళాశాలలో ఐదుగురు విద్యార్థులు గాలివానకు గడ్డివాము చాటున చేరి ప్రార్థించారు. వాళ్ల చుట్టూ పెరిగిన స్నేహాల నుంచి 1810లో సువార్త చెప్పేవాళ్లను విదేశాలకు పంపే ఒక మిషన్ బోర్డు పుట్టింది, 1812లో ఆ బోర్డు తొలి మిషనరీలు ఓడెక్కారు. ఐదుగురే.

చివరగా సంఘ కాపరులకు ఒక మనవి. విద్యార్థి సహవాసం సంఘం కాదు. అక్కడ ముసలివాళ్లు ఉండరు, పసిపిల్లలు ఉండరు, అందరిదీ ఒకే వయసు. ఆదివారం విద్యార్థులు మీ దగ్గరకు వచ్చినప్పుడు ఒక్కొక్కరికి ఒక కుటుంబాన్ని చూపించండి, నెలకోసారైనా ఆ ఇంట్లో భోంచేసేలా చూడండి. చదువు ముగించుకుని వేరే ఊరు వెళ్తుంటే, వెళ్లకముందే అక్కడి ఏదైనా సంఘంలో ఒక మనిషికి మీరే ఫోన్ చేసి ఆ విద్యార్థి పేరు, చేరే తేదీ చెప్పండి. మొదటి రెండు ఆదివారాలు అతణ్ని వెంటబెట్టుకుని వెళ్లే బాధ్యత ఆ మనిషికి అప్పగించండి. మూడో ఆదివారం అతను వచ్చాడో లేదో మళ్లీ ఫోన్ చేసి కనుక్కోండి.

ఇట్లు
విద్యార్థి సహవాసాల్లో సేవ చేస్తున్న కొందరు